కడపంక్తిని చూచు పరిచారకుడు



మన గ్రామములలో ఒక సామెత యున్నది. వడ్డించువాడు మనవాడయినయెడల కడపంక్తిలో కూర్చున్నను భయము లేదందురు. పెండ్లి పందిటిలో విస్తరి ముందు కూర్చుండి, గారెలబుట్ట తన వరుసకు వచ్చులోగా అయిపోవునేమోయని కనిపెట్టినవారికి ఈ మాట బాగుగా తెలియును. వడ్డించువాడు తన బంధువును చూచి రెండు వేయును, ఎరుగనివానిని చూచి ఒకటి వేయును, కడపంక్తిలోని బీదవానియొద్దకు వచ్చుసరికి ఖాళీ బుట్ట చూపును. లోకములో వడ్డన ఈలాగున జరుగుచున్నది. దేవుని సంఘములో వడ్డన ఏలాగున జరుగవలెను? ఈ ప్రశ్నకు జవాబుగానే డీకనుల పని పుట్టినది. మీ సంఘములో డీకనులను ఏర్పరచుకొను దినము వచ్చినప్పుడు, మీరు చేయి ఎత్తుటకు ముందు, ఈ సంగతిని మీతో నెమ్మదిగా మాటలాడవలెనని నా కోరిక.

డీకను అను మాట మనకు దూరదేశమునుండి వచ్చినది. గ్రీకు భాషలో డయాకొనోస్ అనగా సేవ చేయువాడు, విశేషముగా భోజనపు బల్లయొద్ద నిలిచి వడ్డించువాడు. మన తెలుగు బైబిలులో దీనిని పరిచారకుడని వ్రాసిరి. యోహాను సువార్త రెండవ అధ్యాయములోని కానా ఊరి పెండ్లి మీరెరుగుదురు. అక్కడ బానలు నింపిన పనివారికి గ్రీకులో ఈ పేరే యున్నది. నీళ్లు మోసినవారు వారే, ముంచి తీసికొనిపోయినవారు వారే. విందు ప్రధానికి ద్రాక్షారసము రుచి తెలిసినది గాని అది ఎక్కడనుండి వచ్చినదో తెలియలేదు. ఆ మర్మము నీళ్లు మోసినవారికి తెలిసినది. డీకనుకు దొరకు ఘనత ఈ విధమైనది. అతనికి ముందు వరుసలో పీట దొరకకపోవచ్చును. ప్రభువు చేయు కార్యమును దగ్గరనుండి చూచు భాగ్యము మాత్రము దొరకును.

ఇప్పుడు అపొస్తలుల కార్యముల గ్రంథము ఆరవ అధ్యాయమునకు రండి. యెరూషలేము సంఘము దినదినము పెరుగుచున్న కాలమది. బీద విధవరాండ్రకు ప్రతిదినము ఆహారము పంచు ఏర్పాటుండెను. సంఘములో రెండు తెగలవారుండిరి. కొందరు ఆ దేశపు మాట మాటలాడు హెబ్రీయులు. కొందరు గ్రీకు మాట మాటలాడువారు. అందరును యూదులే, అందరును విశ్వాసులే. అయినను పంచునప్పుడు గ్రీకు మాటవారి విధవరాండ్రు మరువబడుచు వచ్చిరి. సణుగు పుట్టెను.

చూచితిరా? అంత గొప్ప సంఘములో ఈ తగాదా దేనినిబట్టి వచ్చినది? ఒక ముసలమ్మ గిన్నె ఖాళీగా ఉండుటనుబట్టి వచ్చినది. అపొస్తలులు దానిని చిన్న సంగతియని త్రోసివేయలేదు. ఫిర్యాదు చేసినవారిని గద్దింపలేదు. సంఘమంతటిని పిలిచి, తాము ప్రార్థనయు వాక్యమును విడిచి ఈ పనిలో దిగుట తగదు గనుక, మంచి పేరు గలిగి ఆత్మతోను జ్ఞానముతోను నిండిన ఏడుగురిని వెదకుడని చెప్పిరి. ఏర్పరచుకొన్నది సంఘము. ప్రార్థించి చేతులుంచినది అపొస్తలులు. ఆ ఏడుగురికి డీకనులను పేరు ఆ అధ్యాయములో వ్రాయబడలేదు. అయితే వారు చేయవలసిన బల్లల సేవను చెప్పిన మాట ఈ పేరునకు మూలమైన మాటయే. అందుచేత మన సంఘములు డీకనుల పనికి ఈ అధ్యాయమునే వేరుగా ఎంచుచు వచ్చినవి.

ఆ ఏడు పేరులను ఒకసారి చదువుడి. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడును గ్రీకు పేరులే. నీకొలాసు పుట్టుకచేత యూదుడు కూడ కాడు, అంతియొకయనుండి వచ్చి యూదుల మతములో చేరినవాడు. సంఘము ఎవరి చేతికి బల్లను అప్పగించినదో ఆలోచించుడి. ఎవరి విధవరాండ్రు ఆకలితో నుండిరో వారి పక్షమునుండియే ఈ మనుష్యులను ఏర్పరచుకొన్నట్లు ఈ పేరులనుబట్టి అనేకులు గ్రహించియున్నారు. సగము వారికి సగము వీరికి అని పంచుకొనలేదు. మా పెద్దరికము పోవునని హెబ్రీయులు అడ్డుపడినట్లు వ్రాయబడలేదు. కడపంక్తిలో కూర్చున్న బాధ తెలిసినవారికే వడ్డన గరిటె నిచ్చిరి. దాని తరువాత ఏమి జరిగెను? దేవుని వాక్యము మరింత వ్యాపించెను, యాజకులు కూడ అనేకులు విశ్వసించిరి. విధవరాలి గిన్నె నిండిన వెంటనే సువార్తకు దారి తెరవబడినది.

ఇది యెరూషలేములో మాత్రమే జరుగునని తలంచకుడి. నేనెరిగిన ఒక గ్రామములో రెండు పల్లెలవారు ఒకే మందిరములో కూడుకొనుచుండిరి. కానుకల పెట్టె తాతల కాలమునుండి ఒక పల్లెవారి యొద్దనే యుండెను. ఒక సంవత్సరము గాలివానకు రెండవ పల్లెలోని విధవరాలి పాక కూలిపోయెను. సహాయమడుగగా పెట్టెలో సొమ్ము లేదనిరి. నెల తిరుగకముందే మొదటి పల్లెలో ఒకరి పెండ్లికి ఆ పెట్టెనుండియే చేబదులు వెళ్లినట్లు తెలిసెను. రెండవ పల్లెవారు ప్రభువు బల్లకు వచ్చుట మానిరి. పాదిరిగారు ఐక్యతనుగూర్చి ఎన్ని ప్రసంగములు చేసినను ఫలము లేకపోయెను. చివరకు మొదటి పల్లెకు చెందిన ఒక వృద్ధ డీకను, చదువు రానివాడు, ఆదివారమున లేచి పెట్టె తాళపుచెవి తీసి రెండవ పల్లెవారి పెద్ద చేతిలో పెట్టెను. "అబ్బాయీ, ఇక మీదట సొమ్ము మీరే లెక్కపెట్టండి, మేము వింటాము" అనెను. ఆ పెద్ద కొంచెముసేపు మాటలాడలేదు. తరువాత, "తాతా, నీవు ప్రక్కన కూర్చుంటేనే నేను లెక్కపెడతాను" అనెను. ఆ వారమే ఆ విధవరాలి పాకకు రెండు పల్లెలవారును కలిసి తాటాకు కప్పిరి. ఆ నెల ప్రభువు బల్లయొద్ద ఖాళీ లేదు. ఆ వృద్ధుడు ఆరవ అధ్యాయమును చదువలేడు గాని చేయగలిగెను.

డీకనుల పని ఏమిటని మీరడుగుదురు. పూర్వపు బాప్టిస్టులు దీనిని తేలికగా జ్ఞాపకముంచుకొనునట్లు మూడు బల్లల సేవయని చెప్పుచుండిరి. ప్రభువు బల్ల, బీదల బల్ల, కాపరి బల్ల.

ప్రభువు బల్లయొద్ద డీకను రొట్టెను పాత్రను సిద్ధపరచి అందరికి అందించును. ఇది చేతిపని మాత్రమే కాదు. ఎవరు రాలేదో చూచువాడు అతడే. ఎవరు ఎవరితో మాటలాడుట మానిరో, ఎవరు జ్వరముతో పడియున్నారో, ఎవరు సిగ్గుచేత వెనుకకు తగ్గిరో అతనికి తెలియవలెను. పాత్ర త్రిప్పునప్పుడు ఒక చోటు ఖాళీగా కనబడినయెడల, సాయంత్రమునకు అతని కాళ్లు ఆ యింటి త్రోవ పట్టవలెను.

బీదల బల్ల అతనికి ముఖ్యమైన పని. 1611లో థామస్ హెల్విస్ అను ఇంగ్లీషు సహోదరుడును అతనితో ఆమ్‌స్టర్‌డాములో పరదేశులుగా నున్న చిన్న సంఘమును తమ విశ్వాసమును వ్రాసి ప్రకటించిరి. బాప్టిస్టుల మొదటి వ్రాతలలో అదియొకటి. అందులో సంఘమునకు ఇద్దరే అధికారులని చెప్పిరి: ఆత్మలకు మేత పెట్టు పెద్దలు, బీదలును బలహీనులునైన సహోదరుల శరీరపు అక్కరలను తీర్చు డీకనులు. ఆ డీకనులలో పురుషులును స్త్రీలును ఉందురని కూడ వ్రాసిరి. మందిరపు గోడకు సున్నము వేయించుటయు పంటకోతల పండుగకు పందిరి వేయించుటయు మంచి పనులే. అయితే నాలుగు వందల సంవత్సరములకు పూర్వము ఆ పరదేశులు డీకను అనగానే మొదట తలంచినది బీదవాని కడుపును.

మన తెలుగు దేశములో ఈ బల్ల ఎట్టిదో ఒంగోలు చరిత్ర చూపుచున్నది. 1867 జనవరి 1వ తేదీన క్లౌ దొరగారు అక్కడ ఎనిమిదిమందితో సంఘమును స్థాపించిరి. 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు వచ్చెను. జనులు చచ్చుచుండగా ఆయన బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు తీసికొని వేలమందికి పని యిచ్చెను. మన తెలుగు బోధకులే ఆ పనిమీద అజమాయిషీ చేసిరి. పగలు మట్టి తట్టలు లెక్కించి, కూలి పంచి, విశ్రాంతి వేళ వాక్యము చెప్పిరి. కూలి సరిగా అందును, తిట్లు దెబ్బలు ఉండవు అని విని దూరపు గ్రామములవారు కూడ అక్కడికి చేరిరి. అన్నము కొరకే వచ్చిరను మాట రాకుండునట్లు, సహాయము పంచుచున్న కాలమున దొరగారు బాప్తిస్మములిచ్చుట నిలిపివేసిరి. తరువాత 1878 జూలై 3వ తేదీన, వెల్లంపల్లియొద్ద గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము సంతోషముతో చెప్పుకొందుము. దానికి ముందు లెక్క తప్పకుండ పంచిన కూలిని కూడ చెప్పుకొందము. ఆరవ అధ్యాయములోని వరుస ఇక్కడను కనబడుచున్నది.

మూడవది కాపరి బల్ల. పాదిరిగారి పొయ్యి వెలుగుచున్నదో లేదో డీకను చూడవలెను. పిడికెడు బియ్యమును కానుకయు సమయమునకు చేర్చవలెను. కాపరి జీతమును తన చేతినుండి ఇచ్చు భిక్షయని తలంచు డీకను తప్పు త్రోవలో నున్నాడు. డీకనులు కాపరికి యజమానులు కారు, కాపరి వారికి యజమాని కాడు. సంఘమునకు శిరస్సు క్రీస్తే. సంఘమంతయు కూడి తీర్మానించును, కాపరి మేపును, డీకను వడ్డించును.

ఇంత పని గలవానికి ఎట్టి గుణములు కావలెను? పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక మూడవ అధ్యాయములో ఆ జాబితా యున్నది. దానిలో ధనమును గూర్చి గాని భూమిని గూర్చి గాని పెద్ద కుటుంబమును గూర్చి గాని ఒక్క మాట లేదు. బోధించు నేర్పు అధ్యక్షునికి కావలెనని చెప్పిన పౌలు, డీకనుకు అది కావలెనని చెప్పలేదు. కాబట్టి ప్రసంగము చేయలేనని వెనుదీయు సహోదరుడా, నీ యోగ్యత పోలేదు. అయితే అడిగిన గుణములు ప్రతిది అతని పనికి తగినట్లే యున్నవి.

అతడు రెండు నాలుకలవాడై యుండరాదు. ఎందుచేత? అతడు ఇల్లిల్లు తిరుగువాడు. ఒక యింటి కన్నీరు, మరియొక యింటి కోపము అతని చెవిని పడును. ఈ యింట ఈ మాట, ఆ యింట ఆ మాట చెప్పినయెడల ఊరు తగులబడును. నాలుకకు నరము లేదను మన సామెత డీకను మొదట జ్ఞాపకముంచుకొనవలెను.

అతడు త్రాగుబోతై యుండరాదు. సారాయి ఎన్ని పల్లెలలో బిడ్డల గంజిని త్రాగివేసినదో మీకు చెప్పనక్కరలేదు. ఆ బిడ్డలకు గంజి తెచ్చియిచ్చువాని నోట ఆ వాసన యుండరాదు.

అతనికి నీచమైన లాభముమీద ఆశ యుండరాదు. సంచి అతని చేతిలో నున్నది గదా. పండ్రెండుమంది శిష్యులలో సంచి మోసినవాడెవడో, దానికి ఏమి చేసెనో యోహాను వ్రాసియుంచెను. కావున మంచివాని చేతిలోనైనను సంచిని ఒంటరిగా పెట్టకుడి. ఇద్దరు కలిసి లెక్కించునట్లును, ఆ దినమే పుస్తకములో వ్రాయునట్లును, నెలకొకసారి సంఘమెదుట చదువునట్లును ఏర్పాటు చేయుడి. లెక్క అడుగుట అనుమానము కాదు. మీ డీకను మంచి పేరును కాపాడు కంచె అది.

అతడు విశ్వాస మర్మమును నిర్మలమైన మనస్సాక్షితో పట్టుకొనినవాడై యుండవలెను. చేయి గిన్నెమీదను, హృదయము ప్రభువుమీదను ఉండవలెను. లేనియెడల ఆ సేవ కేవలము ఊరి ధర్మము వంటిదగును.

అతడు మొదట పరీక్షింపబడవలెను. నిన్న చేరినవానిని నేడు డీకనుగా నిలుపకుడి. ఒక సంవత్సరము రోగులను దర్శించు పని అప్పగించి చూడుడి. ఎవరును చూడనప్పుడు చేయుచున్నాడా, పేరు పిలువనప్పుడును వచ్చుచున్నాడా?

అతడు ఏకపత్నీపురుషుడై, తన పిల్లలను ఇంటివారిని చక్కగా నడుపుకొనువాడై యుండవలెను. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనని మన పెద్దలనిరి. భార్యను కొట్టువాడు విధవరాలిని ఆదరింపలేడు. ఒక డీకను ఇల్లు ఏమి చేయగలదో వినుడి. ఇంగ్లాండులో కెటరింగు అను ఊరి బాప్టిస్టు సంఘములో బీబీ వాలిస్ అను డీకను ఉండెను. ఆయన 1792లో మరణించెను. ఆ యేడు అక్టోబరు 2వ తేదీన కొద్దిమంది కాపరులును సహోదరులును ఆయన విధవరాలి యింటి వెనుకటి గదిలో కూడుకొని, అన్యదేశములకు సువార్త పంపుటకు బాప్టిస్టు మిషనరీ సొసైటీని స్థాపించిరి. ఆ దినము వ్రాసికొన్న చందా 13 పౌండ్ల 2 షిల్లింగుల 6 పెన్సులు. ఆ సంఘము పంపిన విలియం కేరీగారు బెంగాలునకు వచ్చిరి. ఆయనయు తోటివారును నడిపిన శ్రీరాంపూరు ముద్రణాలయమునుండి 1818లో తెలుగు క్రొత్త నిబంధన వెలువడెను. డీకను కన్నుమూసిన తరువాత కూడ ఆయన యింటి తలుపు తెరచియే యుండెను. ఆ గదిలో కూర్చున్నవారిలో ఎవరును మన పల్లెలను చూచినవారు కారు. అయినను అక్కడ వెలిగిన దీపపు కాంతి మన గడపవరకు వచ్చినది.

స్త్రీలను గూర్చి ఒక మాట. ఆ జాబితా నడుమ పౌలు స్త్రీలను గూర్చియు చెప్పెను. డీకనుల భార్యలను గూర్చి చెప్పెనని కొందరు, పరిచర్య చేయు స్త్రీలను గూర్చియని కొందరు చెప్పుదురు. రోమా సంఘమునకు వ్రాసినప్పుడు మాత్రము కెంక్రేయ సంఘపు ఫీబేకు ఈ పరిచారకురాలను పేరే యిచ్చి, ఆమె అనేకులకు సహాయురాలని సాక్ష్యమిచ్చెను. ప్రసవించిన తల్లి పక్కయొద్దకును, కోడలు ఏడ్చు వంటింటిలోనికిని పురుషుడు పోలేడు. మీ సంఘములో ఆ పని ఎవరు చేయుచున్నారో మీకు తెలియును. ఆమెను గుర్తించి బలపరచుడి.

ఇక మీ సంఘమునకు వత్తము. ఎన్నిక దినము దగ్గరకు రాగానే ఏమి జరుగును? ఆ కుటుంబమునకు ఒకటి, ఈ పల్లెకు ఒకటి, చందా ఎక్కువ యిచ్చినవానికి ఒకటి అని లెక్కలు వేయుదురు. ఓడినవారు వేరు ప్రార్థన పెట్టుకొందురు. మందిరపు స్థలము కొరకు కోర్టుకెక్కిన సంఘములు ఉన్నవి. బీదల బల్లమీదికి రావలసిన సొమ్ము వకీలు బల్లమీదికి పోవుచున్నది. ఎక్కడనో ఒక విధవరాలు ఖాళీ గిన్నెతో కూర్చున్నది.

అందుచేత చేయి ఎత్తకముందు మీ మనస్సులో ఒక్క ప్రశ్న వేసికొనుడి. ఈ మనుష్యుడు మావాడా? అని కాదు. మా సంఘములో అందరికంటె కడపట కూర్చున్నవారెవరు? వారి గిన్నెను ఈయన చూచునా? ఆ విధవరాలినే అడుగుడి. జ్వరము వచ్చినప్పుడు ఎవరు వచ్చిరో ఆమె చెప్పును. ఆమె చెప్పు పేరు మీ జాబితాలో లేనియెడల జాబితాను దిద్దుకొనుడి.

ఇప్పటికే డీకనుగా నున్న సహోదరుడా, నీ పని చిన్నదని దుఃఖపడకుము. ఆ ఏడుగురిలో స్తెఫను మొదటి హతసాక్షి ఆయెను. ఫిలిప్పు సమరయకు సువార్త మోసి, ఎడారి త్రోవలో ఐతియొపీయుని రథమెక్కెను. చాల సంవత్సరముల తరువాత కైసరయలో ఒక దినము ఫిలిప్పు ఇంటికి అతిథులు వచ్చిరి. లూకా ఆ సంగతి వ్రాయుచు, ఫిలిప్పును సువార్తికుడనియు, ఆ ఏడుగురిలో ఒకడనియు చెప్పుచున్నాడు. అంత సేవ చేసిన తరువాతను వడ్డించువాడను ఆ పాత గుర్తు అతనిని విడువలేదు. ఆ దినము వచ్చిన అతిథి ఎవరు? పౌలు. స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు ప్రక్కన నిలిచి సమ్మతించిన ఆ పౌలే. తన తోటి పరిచారకుని చావునకు సమ్మతించినవానిని ఫిలిప్పు తన యింట చేర్చుకొని అనేక దినములుంచుకొనెను. కడపంక్తిని చూచుటకు నేర్చిన కన్ను పగవానిని కూడ సహోదరునిగా చూచును.

అట్టివారిని ప్రభువు మన గ్రామ సంఘములన్నిటికి దయచేయును గాక. ఎన్నుకొను మనకు వివేకమును, ఎన్నుకొనబడినవారికి దీనమనస్సును అనుగ్రహించును గాక. ఆమేన్.